ఊరేగింపు గుర్రం మా కొట్టంలోకి వచ్చింది, ముందు ఏం పెట్టాలి?

చెరువుకట్ట (జూన్ 14, రాత్రి 9:50)

నమస్తే అందరికీ. మాది హనుమకొండ పక్కన, హసన్‌పర్తి వైపు. రెండు బర్రెలున్నాయి, అంతే. గుర్రాన్ని దగ్గర నుంచి చూసింది పెళ్ళిళ్ళలోనే. ఈ సాయంత్రం నుంచి మా కొట్టంలో ఒక తెల్ల గుర్రం ఉంది. ఆడది.

బరాత్‌లకు తిప్పేవారట. ముహూర్తాలు అయిపోయాక రింగు రోడ్డు పక్కన వదిలేశారు. నాలుగు రోజులుగా చెత్తకుప్ప దగ్గర ప్లాస్టిక్ కవర్లు నములుతూ కనబడుతోంది. అటూ ఇటూ అడిగి ఓనర్‌ని పట్టుకున్నాం. "నాకొద్దన్నా, కావాలంటే నువ్వే తోలుకపో" అన్నాడు. తోలుకొచ్చాను.

పక్కటెముకలు దూరం నుంచే లెక్కపెట్టొచ్చు. మూపు మీద అరచేయంత పుండు, దాని మీద ఈగలు. నోటి రెండు మూలల్లో చర్మం కాయ కాచి తెల్లగా అయింది. గిట్టలు ముందుకు పెరిగి పాత చెప్పుల్లా వంగాయి. కుడి కంటి మీద నీలం పొర ఉంది, ఆ పక్క నుంచి పోతే ఉలిక్కిపడుతోంది.

పక్కింటి అవ్వ సగం బకెట్ ఉలవ గుగ్గిళ్ళు ఉడకబెట్టి తెచ్చింది. "గుర్రమంటే ఉలవలే గద బిడ్డా" అంటోంది. ఇంకా పెట్టలేదు. పెట్టొచ్చా? జల్ది చెప్పండి, అవ్వ బకెట్ పట్టుకుని నిలబడే ఉంది.

పశువుల డాక్టరమ్మ (జూన్ 14, రాత్రి 9:58)

పెట్టకండి. అవ్వకు దండం పెట్టి బకెట్ బర్రెల దగ్గరికి తీసుకెళ్ళండి. ఉలవలు, తవుడు, బెల్లం, మొక్కజొన్న, అన్నం, ఏదీ వద్దు. ఇప్పుడు నీళ్ళు, కాసిన్ని ఎండు పచ్చిక పోచలు చాలు. మిగతాది అరగంటలో రాస్తాను, ఇంట్లో చంటిపిల్ల ఏడుస్తోంది.

నైట్ డ్యూటీ (జూన్ 14, రాత్రి 10:06)

అన్నా, గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదని సామెత. మీ గుర్రానికి గుడ్డితనమూ ఉంది, దాణా కూడా లేదు. సామెతే తప్పింది.

పశువుల డాక్టరమ్మ (జూన్ 14, రాత్రి 10:41)

ఎందుకు వద్దన్నానో వినండి, చాలామంది ఇక్కడే గుర్రాన్ని పోగొట్టుకుంటారు. వారాల తరబడి పస్తున్న ఒంట్లో ఫాస్ఫరస్, మెగ్నీషియం, పొటాషియం నిల్వలు అడుగంటి ఉంటాయి. ఆ స్థితిలో పిండిపదార్థం ఒక్కసారిగా పడితే ఇన్సులిన్ ఎగదన్నుతుంది. రక్తంలో మిగిలిన ఆ కాస్త ఖనిజాల్నీ అది కణాల్లోకి లాగేస్తుంది. గుండెకీ ఊపిరితిత్తులకీ ఏమీ మిగలదు. కడుపు నిండా తిని కళకళలాడిన గుర్రం మూడో రోజో ఐదో రోజో కూలబడుతుంది. "బాగా తిన్నది, దిష్టి తగిలింది" అంటారు జనం.

అమెరికాలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ శాఖ వాళ్ళు పస్తులతో ఎండిన గుర్రాల మీదే పరిశోధన చేసి, లూసర్న్ అనే పప్పుజాతి మేత ఎండుగడ్డి మేలని తేల్చారు. పిండి తక్కువ, మాంసకృత్తులు, ఫాస్ఫరస్, మెగ్నీషియం ఎక్కువ. వాళ్ళ లెక్క 450 కిలోల గుర్రానికి: మొదటి మూడు రోజులు నాలుగు గంటలకోసారి అర కిలో, రాత్రి కూడా. మీ గుర్రం బరువు తెలిస్తే దాన్ని బట్టి తగ్గిద్దాం.

బరువుకు కాటా అక్కర్లేదు. టైలర్ టేపు తీసుకోండి. ముంగాళ్ళ వెనక ఛాతీ చుట్టుకొలత, భుజం ముందు ఎముక నుంచి పిరుదు ఎముక దాకా పొడవు, రెండూ సెంటీమీటర్లలో. చుట్టుకొలతను దానితోనే హెచ్చించి, పొడవుతో హెచ్చించి, 11,880తో భాగించండి. కిలోలు వస్తాయి.

చెరువుకట్ట (జూన్ 14, రాత్రి 11:20)

చుట్టు 150, పొడవు 140. లెక్క 265 కిలోలు వచ్చింది. మా ఆవిడ టేపు పట్టుకుంది, నేను ఎడమ వైపే నిలబడ్డాను. కదల్లేదు పాపం. కదిలే ఓపిక లేదేమో.

పశువుల డాక్టరమ్మ (జూన్ 14, రాత్రి 11:31)

అయితే పూటకు 300 గ్రాములు, రోజుకు ఆరు పూటలు. నాలుగో రోజు నుంచి పూటలు తగ్గిస్తూ మోతాదు పెంచండి. ఆరో రోజుకి మూడు పూటల్లో మూడున్నర కిలోలు దాకా రావచ్చు. పదో రోజు దాటాక గడ్డి ఎంత తింటే అంత. గింజ జోలికి మాత్రం వారాల తరబడి పోవద్దు. ఉప్పు గడ్డ ఒకటి వేలాడదీయండి.

రేపు పొద్దున్నే పశువుల అంబులెన్స్ నంబర్ 1962కు ఫోన్ చేయండి, లేదా మామునూరు వెటర్నరీ కాలేజీకి కబురు చేయండి. రెండు పనులు ఆగవు. ఒకటి ధనుర్వాతం ఇంజెక్షన్. పుండున్న గుర్రానికి ఆ జబ్బు ఎంత సులువుగా వస్తుందో చెప్పలేను. రెండోది గ్లాండర్స్ అనే అంటుజబ్బు పరీక్ష. రక్తం హిసార్‌లోని జాతీయ అశ్వ పరిశోధన కేంద్రానికి వెళ్ళాలి. బర్రెలకు భయం లేదు, మనుషులకు వస్తుంది. ఫలితం వచ్చేదాకా గ్లవ్స్ వేసుకోండి, బకెట్ విడిగా పెట్టండి, పిల్లల్ని ముట్టుకోనివ్వకండి.

పక్కా లెక్క (జూన్ 15, ఉదయం 7:15)

డాక్టర్ గారు ఒంటి సంగతి చెప్పారు, నేను కాగితం సంగతి చెప్తా. "తోలుకపో" అనే మాట రేపు పని చేయదు. గుర్రం నిగనిగలాడగానే అదే మనిషి "నా గుర్రాన్ని ఎత్తుకుపోయాడు" అని స్టేషన్‌కి వస్తాడు. ఆకలికి మాడేలా జంతువును వదిలేయడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం 11వ సెక్షన్ కింద నేరమని మెల్లగా చెప్పి, ఇద్దరు సాక్షుల ముందు స్టాంపు కాగితం మీద వదులుకున్నట్టు రాయించుకోండి. గుర్రానికి నాలుగు వైపులా ఫోటోలు, ఆ రోజు పేపరు పక్కన పెట్టి. పోలీస్ స్టేషన్‌లో ఒక అర్జీ ఇచ్చి ముద్ర వేయించుకోండి.

పాత టాంగా (జూన్ 15, ఉదయం 8:02)

తమ్మీ, మా నాయన వరంగల్ స్టేషన్ కాడ టాంగా తోలిండు. నేను చెప్పేది ఒకటే, గిట్ట. నువ్వు కోయకు. బర్రె గిట్ట కోసినట్టు కోస్తే కుంటిదైతది. పెరిగిన గిట్టను ఒక్క రోజు సాపు చేయరాదు, విడతలు విడతలుగా తీయాలె. గిట్టలు చెక్కి నాడాలు కొట్టే నాల్‌బంద్‌లు ఇప్పుడు మన దిక్కు లేనట్టే. నాకు తెలిసినాయన హైదరాబాద్ నుంచి బండి మీద వస్తడు, నంబర్ విడిగా పంపుత. నాలుగు గుర్రాలు జమైతెనే వస్తనంటడు, నీకోసం అడుగుత.

అప్పటిదాంక రోజూ ఎడమ ముంగాలుతోని మొదలువెట్టి ఒక్కొక్క కాలు ఎత్తి, అడుగున ఉన్న మట్టి మొనదేలిన పుల్లతోని కాదు, మొండి పుల్లతోని తీయి. నల్లగ మెత్తగ అయి కంపు కొడితే కుళ్ళు పట్టినట్టు. కొట్టం పొడిగ ఉంచు, ముందే వానకాలం.

చెరువుకట్ట (జూన్ 19, రాత్రి 10:10)

ఐదు రోజులైంది. బతికే ఉంది, నేనూ బతికే ఉన్నా. రాత్రి పన్నెండుకి, తెల్లారి నాలుగుకి అలారం. 300 గ్రాములంటే ఎంతో మొదటిసారి తెలిసింది, రెండు పిడికిళ్ళు. అది తిని ఖాళీ నేలను నాకుతుంటే పెట్టకుండా తిరిగి రావడం ఉంది చూడండి, అన్నిటికన్నా అదే కష్టం. ఒకరోజు మా ఆవిడ తలుపుకి అడ్డం నిలబడింది, నేను ఇంకో పిడికెడు తీసుకెళ్తానని.

కాగితం అయింది. ధనుర్వాతం ఇంజెక్షన్ అయింది. రక్తం తీసుకెళ్ళారు. పేడలో రెండు ప్లాస్టిక్ కవరు ముక్కలు పడ్డాయి.

ఎండు లూసర్న్ ఇక్కడ దొరకలేదు, హైదరాబాద్ నుంచి ట్రాన్స్‌పోర్ట్‌లో తెప్పించా. సగం నములుతుంది, సగం తడి ఉండలుగా నేల మీద ఉమ్మేస్తుంది. ఎందుకు?

పిల్లలు పేరు పెట్టేశారు. తినలేకపోయిన గుగ్గిళ్ళ గుర్తుగా "గుగ్గి".

పశువుల డాక్టరమ్మ (జూన్ 19, రాత్రి 10:35)

పళ్ళు. గుర్రానికి పై దవడ వెడల్పు, కింది దవడ ఇరుకు. పళ్ళు జీవితాంతం దిగుతూనే ఉంటాయి, అరగని అంచు కత్తిలా తేలుతుంది. పైన బుగ్గను కోస్తుంది, కింద నాలుకను కోస్తుంది. ఆకురాయితో రాకాలి. కాస్త బలం పుంజుకున్నాక మత్తిచ్చి చేయించండి, ఇప్పుడే మత్తు వద్దు.

వయసు కూడా అప్పుడే చూడమనండి. పై వరుస ముందుపళ్ళలో అంచున ఉండే చివరి పంటి మీద నిలువు గాడి ఉంటుంది. పదేళ్ళప్పుడు చిగురు దగ్గర మొదలై, పదిహేనేళ్ళకు సగానికి, ఇరవైకి అడుగుదాకా దిగుతుంది.

బీడు భూమి (జూన్ 20, ఉదయం 6:30)

అన్నా, మాది పరకాల దగ్గర. తమ్ముడి కోళ్ళ ఫారంలో దాణా బస్తాలు మిగిలాయి. బలమైన దాణా. పదో రోజు దాటాక పనికొస్తుందంటే ఫ్రీగా పంపిస్తా.

పశువుల డాక్టరమ్మ (జూన్ 20, ఉదయం 6:44)

మీ మనసుకు దండం, బస్తాలకు వద్దు. కోళ్ళ దాణాలో రక్తపారుడు రాకుండా మొనెన్సిన్, సాలినోమైసిన్ లాంటివి కలుపుతారు. కోడికి మందు, గుర్రానికి విషం. నేరుగా గుండె కండరాన్ని తింటుంది. కొన్ని పశువుల దాణాల్లోనూ ఉంటుంది. బూజు పట్టిన మొక్కజొన్న కూడా అంతే, మెదడు కరిగిపోతుంది. మన జిల్లాల్లో ఈ రెండూ ప్రతి ఇంట్లో ఉంటాయి కాబట్టి పెద్దక్షరాల్లో రాసినట్టు అనుకోండి.

బీడు భూమి (జూన్ 20, ఉదయం 6:50)

అమ్మో. నా దగ్గర ఒక ఖస్సీ చేసిన మగ గుర్రం ఉంది మేడమ్, పాతది. దానికి ఎప్పుడన్నా ఒక గిద్దెడు వేసేవాణ్ణి. ఇవాళ్టి నుంచి బంద్.

చెరువుకట్ట (జూలై 2, సాయంత్రం 5:05)

గ్లాండర్స్ లేదు!! కాగితం చేతికి వచ్చింది. ఈ రెండు వారాలు ఎవరికీ చెప్పలేదు గానీ ఒకటే టెన్షన్. ఉందని తేలితే చట్ట ప్రకారం చంపేయాల్సిందేనట, 2009 నాటి చట్టం. ముక్కు కొంచెం కారినా గుండె జారిపోయేది.

పళ్ళు కూడా రాకించాం. గాడి సగం దాటింది, పదిహేను పదహారేళ్ళు. తోక కింద గోళీ సైజు నల్ల గడ్డలు రెండున్నాయి. తెల్లబడ్డ గుర్రాలకు ఆ వయసులో మామూలేనట, కదపొద్దన్నారు. అన్నట్టు తెల్ల గుర్రాలు చాలావరకు తెల్లగా పుట్టవట! ముదురు రంగులో పుట్టి ఏటేటా తెల్లబడతాయట. నాకిప్పుడే తెలిసింది.

నైట్ డ్యూటీ (జూలై 2, సాయంత్రం 5:20)

పనిలేనోణ్ణి "ఏం చేస్తున్నవ్‌రా, గుడ్డి గుర్రానికి పళ్ళు తోముతున్నవా" అంటారు. చరిత్రలో నిజంగా తోమించినవాడివి నువ్వే అన్నా. బిల్లు ఫోటో పెట్టు, ఫ్రేమ్ కట్టించుకుంటా.

చెరువుకట్ట (జూలై 28, రాత్రి 11:40)

ఒంటి సంగతి బాగానే ఉంది. చుట్టుకొలత 157. పుండు మానింది, అక్కడ తెల్లని మెత్తటి వెంట్రుక వస్తోంది. ఇప్పుడు అసలు సమస్య.

ఈరోజు మా ఊళ్ళో పోచమ్మ బోనాలు. వీధి చివర డప్పు మొదలైంది. గుగ్గి మేత ఆపేసింది. మెడ విల్లులా వంచి ముంగాళ్ళు ఒకదాని తర్వాత ఒకటి ఎత్తి నేలను కొట్టడం మొదలుపెట్టింది. దెబ్బకు దెబ్బ, డప్పుతో సరిగ్గా. పిల్లలు చప్పట్లు. నిజం చెప్తున్నా, నేనూ నవ్వాను, ఫోన్ తీసి వీడియో పట్టాను.

తర్వాత దగ్గరికి పోయి చూస్తే చెమట కారి పొట్ట కింద చుక్కలు పడుతున్నాయి. కన్ను తెల్లగుడ్డు కనబడుతోంది. దాని ముందు గడ్డి పెడితే చూడనే లేదు. బోనాలు గుడి దాకా వెళ్ళిపోయినా ఆగలేదు. డప్పు ఆగాక ఇంకో ఇరవై నిమిషాలు ఆడుతూనే ఉంది. కొట్టం నేలలో రెండు గుంటలు పడ్డాయి.

వీడియో తీసేశాను. దీన్ని ఎలా ఆపాలి?

పాత టాంగా (జూలై 29, ఉదయం 7:30)

ఎట్ల నేర్పుతరో నా కండ్లతోని చూసిన, మా మేనబావ ఇంట్ల. రెండు గుంజల నడుమ ముందటికి ఎన్కకు పొట్టి తాళ్ళతోని కడతరు. ఎటూ పోరాదు. డప్పు కొడతరు, దెబ్బకొకసారి ముంగాలి మీద సన్న బెత్తంతోని తగిలిస్తరు. నోట్ల ముండ్ల కళ్ళెం. కాలు ఎత్తినంతసేపు బెత్తం ఆగుతది. అట్ల నెలలు. ఎన్కకు బెత్తం అక్కరలేదు, డప్పే బెత్తం అయితది.

మా నాయన ఆ బావ ఇంట్ల ఇగ నీళ్ళు గూడ తాగలే.

బగ్గీవాలా (జూలై 29, ఉదయం 10:12)

చాలాసేపు చదివి ఊరుకున్నా, ఇక రాస్తున్నా. నావి మూడు బరాత్ గుర్రాలు. అందరినీ ఒకే గాట కట్టకండి. 2020 లాక్‌డౌన్‌లో ఒక్క పెళ్ళి లేదు. మా అమ్మ గాజులు కుదవపెట్టి మూడింటికీ గడ్డి వేశా. అప్పుడు ఈ జంతు ప్రేమికులు ఒక్కరూ రాలేదు. నా గుర్రాలు ఆడవు, నడుస్తాయంతే. ఆడే గుర్రం కావాలని కస్టమరే అడుగుతాడు, ఆడితే రెండింతలు ఇస్తాడు. మీరు మీ చెల్లి పెళ్ళికి ఏం మాట్లాడుకున్నారో గుర్తు తెచ్చుకుని తర్వాత రాయండి.

పక్కా లెక్క (జూలై 29, ఉదయం 10:30)

గాజుల సంగతి సరే. ముళ్ళ కళ్ళెం బండి లాగే, బరువు మోసే జంతువుల కోసం పెట్టిన 1965 రూల్స్‌లోనే నిషేధం. అది కస్టమర్ అడిగాడా?

బగ్గీవాలా (జూలై 29, ఉదయం 10:34)

నేను వాడను అని ఎన్నిసార్లు చెప్పాలి? తెలుగులోనే రాశాను కదా.

నిర్వాహకుడు (జూలై 29, ఉదయం 11:00)

బగ్గీవాలా గారి మాటలో నిజం ఉంది, పక్కా లెక్క గారి ప్రశ్నలోనూ ఉంది. కావాలంటే వేరే థ్రెడ్ మొదలుపెట్టుకోండి. ఇక్కడ గుగ్గి గురించే.

కళ్ళెం పక్కన పెట్టు (జూలై 29, మధ్యాహ్నం 2:45)

నేను హైదరాబాద్‌లో స్వారీ నేర్పే చోట పన్నెండేళ్ళు పనిచేశా, ఇప్పుడు కరీంనగర్. పెద్దాయన చివరి మాట అన్నారు చూశారా, డప్పే బెత్తం అయితది అని. మొత్తం సమస్య అదే. గుర్రం సంగీతానికి ఆడటం లేదు, రాని బెత్తం నుంచి కాలు తప్పిస్తోంది. కాబట్టి ఆపడానికి తాడు లాగినా, గద్దించినా దాని లెక్కలో బెత్తం వచ్చేసినట్టే.

చేయాల్సింది డప్పుకి అర్థం మార్చడం. ఫోన్‌లో డప్పు రికార్డు చేయండి. గుగ్గి ఆకలిగా ఉన్నప్పుడు కాదు, ప్రశాంతంగా మేస్తున్నప్పుడు, యాభై అడుగుల దూరంలో, మీకే సరిగ్గా వినబడనంత చిన్నగా పెట్టండి. చెవి ఒకటి తిరుగుతుంది. తల ఎత్తకపోతే ఐదు సెకన్లకు ఆపి, ఒక క్యారెట్ ముక్క. డప్పు ముందు, క్యారెట్ తర్వాత, ఈ వరుస తప్పొద్దు. తల ఎత్తిందా, మీరు తొందరపడ్డట్టు. రేపు ఇంకా తగ్గించండి. రోజుకి పది నిమిషాలు చాలు.

దానితోపాటు "తల దించు" నేర్పండి. తలతాడు మీద వేలి బరువంత కిందికి ఒత్తిడి, అంగుళం దించగానే వదిలేయండి. గుర్రం నేర్చుకునేది ఒత్తిడితో కాదు, వదిలిన క్షణంలో. తల దించి ఉన్న గుర్రం మెడ వంచి ఆడలేదు. రెండూ ఒకేసారి కుదరవు.

కుడి కన్ను లేదు కాబట్టి ఆ పక్కకు పోయే ముందు ప్రతిసారీ ఒకే మాట అనండి. స్వారీ ఊసు వద్దు.

చెరువుకట్ట (ఆగస్టు 20, రాత్రి 9:15)

మూడు వారాలైంది. "కుడికి వస్తున్నా" అంటే ఇప్పుడు ఉలిక్కిపడదు, ఆ చెవి ఇటు తిప్పుతుంది. పక్కింటి అవ్వ కూడా అదే మాట అంటోంది, కాకపోతే పాటలా సాగదీసి. తల దించడం నాలుగు రోజుల్లో వచ్చింది. డప్పు సగం వాల్యూమ్‌కి వచ్చాం. నిన్న డప్పు వినబడగానే తల ఎత్తి నా జేబు వైపు చూసింది. క్యారెట్ జేబు!

కళ్ళెం పక్కన పెట్టు (ఆగస్టు 20, రాత్రి 9:40)

ఆ జేబు చూపే మనకు కావాల్సింది. ఇక్కడే చాలామంది దూకుతారు. దూకకండి.

చెరువుకట్ట (సెప్టెంబర్ 9, రాత్రి 1:20)

దూకాను.

వినాయకుడి ఊరేగింపు చెరువు వైపు పోతోంది. ఫోన్‌లో ఫుల్ వాల్యూమ్ తట్టుకుంటోంది కదా, ఒకసారి నిజమైనది చూపిద్దామని గేటు దాకా తీసుకెళ్ళా. ఫోన్‌లో డప్పుకి నేల అదరదు. డీజే బాక్సులకు అదిరింది. అది అటు తిరిగి ఇటు తిరిగి, చూపులేని పక్క నుంచి ఒక టపాసు పేలేసరికి తాడు తెంపుకుని పోయింది. పోతూ నా పాదం మీద కాలేసింది. బొటనవేలు చిట్లింది. గంట తర్వాత చెరువు వెనక తుమ్మల్లో దొరికింది, కాళ్ళు వణుకుతూ.

తిట్టేవాళ్ళు తిట్టండి. నేను ఇప్పటికే తిట్టుకున్నా.

పాత టాంగా (సెప్టెంబర్ 9, ఉదయం 6:10)

తిట్టుడెందుకు. వేలుకు పసుపు కాదు, దవాఖానకు పో. నువ్వు గూడ ధనుర్వాతం సూది వేయించుకో.

కళ్ళెం పక్కన పెట్టు (సెప్టెంబర్ 9, ఉదయం 9:00)

పెద్దాయన చెప్పింది మొదట చేయండి. గుగ్గికి వారం రోజులు ఏ పాఠం వద్దు, మేత మాత్రమే. తర్వాత మళ్ళీ వినబడనంత చిన్న శబ్దం నుంచి. ఈసారి నేల అదురు కూడా పాఠంలో చేర్చండి. కొట్టం గోడ అవతల ఖాళీ డ్రమ్ము బోర్లించి మెల్లగా కొట్టించండి. మొదటిసారి సగం వాల్యూమ్‌కే మూడు వారాలు పట్టింది, ఇప్పుడు ఎక్కువే పడుతుంది.

ఇంకొకటి అడుగుతా, ఏమనుకోకండి. ఆమె ఒంటరిగా ఉందా? గుర్రం మందలో పుట్టిన జంతువు. పక్కన ఇంకో గుర్రం మేస్తుంటే సగం భయం దానికదే పోతుంది. బర్రెలు కొంతవరకే.

చెరువుకట్ట (అక్టోబర్ 11, రాత్రి 10:30)

చాలా రోజులు రాయలేదు, రాయడానికి ఏమీ లేదు కాబట్టి. రోజూ డ్రమ్ము, రోజూ క్యారెట్. మా పెద్దోడు బడి నుంచి వచ్చి డ్రమ్ము కొట్టడం వాడి డ్యూటీ. క్యారెట్లు పోయి ఇప్పుడు బీరకాయ తొక్కలకు దిగాం.

సద్దుల బతుకమ్మ నాడు మాత్రం చూశాను. మా ఇంటి ముందు ఖాళీ జాగాలోనే ఆడారు. మొదట పాట, చప్పట్లు. తర్వాత ఎవరో బాక్సు పెట్టారు. నేను కొట్టంలోనే ఉన్నా, దాని ఎడమ పక్కన, తాడు పట్టుకోకుండా. ఎడమ ముంగాలు ఒకసారి ఎత్తింది. గాలిలో అలాగే ఉంచింది. నేను ఊపిరి బిగబట్టా. మెల్లగా దించి, తల కూడా దించి, గడ్డిలో ముక్కు పెట్టింది. ఆ రాత్రి ఇంకో రెండుసార్లు ఎత్తింది, అంతే.

చుట్టుకొలత 164, అంటే 317 కిలోలు. డాక్టర్ గారు ఒంటికి 9లో 5 మార్కులు వేశారు. వచ్చినప్పుడు ఒకటిన్నర.

ఇక అసలు మాట. నేను దీన్ని ఉంచుకోలేను. మొదటి రెండు నెలలు నెలకు 12,000 పైన అయింది, ఇప్పుడు కాస్త తగ్గింది. డబ్బు ఒక్కటే కాదు, మాది ఊరి నడుమ కొట్టం, ఏడాదంతా డీజేలే. జాగా ఉన్నవాళ్ళు, వేరే గుర్రం ఉన్నవాళ్ళు ఎవరైనా దత్తత తీసుకుంటారా?

పక్కా లెక్క (అక్టోబర్ 12, ఉదయం 7:00)

ఇచ్చేముందు అగ్రిమెంట్. ఊరేగింపుకు పెట్టరాదు, ఈనిపించరాదు, అమ్మరాదు, వేరేవాళ్ళకు ఇవ్వరాదు. కుదరకపోతే మీకే తిరిగివ్వాలి. చెప్పకుండా వచ్చి చూసే హక్కు మీకుండాలి. ఊరికే వచ్చినదానికి విలువ ఉండదు, కాబట్టి కొంత సొమ్ము తీసుకుని నాల్‌బంద్ ఖర్చుకు విడిగా పెట్టండి.

చెరువుకట్ట (అక్టోబర్ 26, రాత్రి 9:00)

ఇప్పటిదాకా వచ్చిన ఫోన్లు: ఒకాయన ఫామ్‌హౌస్‌లో ఫోటోలకు కావాలన్నాడు. ఒకాయన కొడుకు పుట్టినరోజు గిఫ్ట్ అన్నాడు, కొడుక్కి నాలుగేళ్ళు. ఒకాయన "ఆడుతుందా?" అని ఒక్క ముక్కే అడిగాడు, ఫోన్ పెట్టేశా. బగ్గీవాలా గారు కూడా ఫోన్ చేశారు. గుర్రం కోసం కాదు. లారీ ఎక్కించడం రాకపోతే తను వచ్చి నేర్పుతానన్నారు.

బీడు భూమి (అక్టోబర్ 26, రాత్రి 9:25)

అన్నా, నేను అడగాలా వద్దా అని వారం నుంచి చూస్తున్నా. నాకు రెండెకరాల కంచె ఉంది, రోడ్డుకు దూరం. ఖస్సీ గుర్రం ఒక్కటే ఉంటోంది, అదీ ముసలిదే. కోళ్ళ దాణా సంగతి గుర్తుపెట్టుకుని నమ్మరేమో అనుకున్నా.

చెరువుకట్ట (అక్టోబర్ 26, రాత్రి 9:31)

తప్పు తెలియగానే ఐదు నిమిషాల్లో బంద్ అన్నారు మీరు. ఆదివారం వచ్చి చూస్తా.

బగ్గీవాలా (నవంబర్ 16, మధ్యాహ్నం 1:15)

డీసీఎం లారీ ఎక్కించే పని అయింది. తొమ్మిది రోజులు పట్టింది. మొదటి రోజు ఎక్కే పలక దగ్గరికే రాలేదు. పలక మీద గోనెసంచులు పరిచి చప్పుడు చంపాం, లోపల ఎడమ మూలకు మేత పెట్టాం, ఎక్కిందే చాలని వెంటనే దింపేశాం. ఎవరూ వెనక నుంచి తోయలేదు. నేను ఇన్నేళ్ళు తోసే ఎక్కించా, ఒప్పుకుంటున్నా. ప్రయాణానికి తగినట్టుందని డాక్టర్ సర్టిఫికెట్ కూడా తీసుకున్నాం, అది లేకుండా బండి కదలకూడదు.

చెరువుకట్ట (నవంబర్ 17, రాత్రి 8:45)

వెళ్ళిపోయింది. అవ్వ పొద్దున్నే ఉలవ గుగ్గిళ్ళు తెచ్చింది. ఈసారి డాక్టర్ గారు ఒక పిడికెడుకు ఒప్పుకున్నారు. మొత్తం తిని అవ్వ చీర కొంగు కూడా నమలబోయింది.

బీడు భూమి (నవంబర్ 24, ఉదయం 6:15)

వారం రిపోర్ట్. రెండింటినీ నడుమ కంచె పెట్టి విడిగా ఉంచా, కొన్నాళ్ళు ఇలాగే. మొదటి రాత్రి ఇద్దరూ అరిచారు. ఇప్పుడు కంచెకు ఇటొకరు అటొకరు ఒకే చోట మేస్తున్నారు. మావాడు తెలివిగా దాని కుడి పక్కనే నిలబడుతున్నాడు, అది అటు ఉలిక్కిపడటం మానేసింది.

నిన్న పక్క ఊళ్ళో పెళ్ళి. బాక్సుల చప్పుడు గాలికి ఇటే వచ్చింది. గుగ్గి తల ఎత్తి, నేనున్న చోటికి నడుచుకుంటూ వచ్చి, నా చొక్కా జేబు వాసన చూసింది. నా దగ్గర బీడీ కట్ట తప్ప ఏం లేదు. అన్నా, జేబు సంగతి ముందే చెప్పాలి కదా.

చెరువుకట్ట (నవంబర్ 24, ఉదయం 6:22)

కుడి జేబులో బీరకాయ తొక్కలు పెట్టుకో. బీడీలు ఎడమ జేబులోకి మార్చు.